బొబ్బిలి వీణ తయారీ: కుటుంబ వృత్తి చరిత్ర, మేళవిద్య – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విజయనగరం జిల్లాలో బొబ్బిలిని ఆనుకొని ఉన్న గొల్లపల్లి వీణల తయారీకి ప్రసిద్ధి పొందిన గ్రామం. సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఈ వృత్తిని కొనసాగిస్తున్నాయి. సంస్థానాల కాలం నుండి నేటి వరకు ఈ వృత్తిని ఆదరించిన కొనుగోలుదారులు రెండుసార్లు మారారు. ప్రతి మార్పులోనూ కుటుంబం నిలదొక్కుకుంది. అయితే ప్రస్తుత దశలో వాయించే వీణ స్థానంలోకి బహూకరించే వీణ రావడం వల్ల వడ్రంగపు నైపుణ్యం, మేళం కట్టే నైపుణ్యం ఒకదానికొకటి దూరమవుతున్నాయి. వీణ తయారీ క్రమాన్ని, మేళం కట్టే పద్ధతిని, వృత్తి ఆర్థిక చరిత్రను కలిపి చూస్తూ ఈ మార్పు అర్థాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బొబ్బిలి వీణ, గొల్లపల్లి, ఏకాండి వీణ, మేళం, సంస్థానం, జ్ఞాపిక వీణ, భౌగోళిక గుర్తింపు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి సంగీత చరిత్రలో వైణికుల పేర్లకు కొదవలేదు. వీణ వేంకటరమణదాసు, తుమరాడ సంగమేశ్వరశాస్త్రి, ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి విద్వాంసుల గురించి వ్యాసాలు, జీవితచరిత్రలు వచ్చాయి. వారి చేతిలో మోగిన వీణను ఎవరు చేశారన్న ప్రశ్న మాత్రం ఆ రచనలలో అరుదుగా కనిపిస్తుంది. కావ్యానికి కవి ఎంత ముఖ్యుడో, తాటాకు మీద గంటం పట్టిన లేఖకుడు ఎంత మరుగున పడ్డాడో సాహిత్య విద్యార్థులకు తెలుసు. వాద్యకారుని స్థితి ఆ లేఖకుని స్థితికి దగ్గరది.

ఈ మరుగుకు ఒక కారణం ఉంది. ఇటువంటి వృత్తులలో విద్య గ్రంథరూపంలో ఉండదు. తండ్రి చేతి కదలికను చూసి కొడుకు నేర్చుకుంటాడు. తప్పు జరిగినప్పుడు మాటకంటె ముందు చేయి అడ్డుపడుతుంది. కాబట్టి ఇక్కడ కుటుంబం అంటే ఆస్తిని పంచుకునే బంధువర్గం మాత్రమే కాదు; అదే పాఠశాల, అదే పనిశాల, అదే దుకాణం. ఈ మూడింటిలో ఏది మారినా తక్కినవి మారుతాయి. బొబ్బిలి వీణ విషయంలో దుకాణం మారింది. ఆ మార్పు పాఠశాలపై చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. ఊరు – సంస్థానం – ఇంటిపేరు

బొబ్బిలి సంస్థానం 17వ శతాబ్దిలో ఏర్పడింది. వేంకటగిరి వెలమ వంశశాఖకు చెందిన పెదరాయుడు దీనికి మూలపురుషుడు. శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని ‘షేర్’ శబ్దానికి తెలుగుగా పెద్దపులి అని ఊరికి పేరు పెట్టారనీ, అది బెబ్బులి అయి, క్రమంగా బొబ్బిలి అయిందనీ స్థానిక చరిత్ర చెబుతుంది. వీణల తయారీ కూడా ఈ సంస్థానాధీశుల ఆదరణలోనే 17వ శతాబ్దిలో మొదలైందని గొల్లపల్లి సంప్రదాయం.

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో కోట నేలమట్టమైంది. ఆ యుద్ధం గురించి తెలుగులో కథాగేయాలు, కావ్యాలు, నాటకాలు వచ్చాయి. తాండ్ర పాపారాయుని పేరు తెలియని తెలుగువారు లేరు. కానీ ఆ కోట నీడలో బతికిన చేతివృత్తుల కుటుంబాల కథ ఏ గేయంలోకీ ఎక్కలేదు. యుద్ధానికి ముందరి వీణ తయారీ గురించి చెప్పుకోవడానికి మౌఖిక సంప్రదాయమే ప్రధానమైన ఆధారం.

బొబ్బిలిపైకి బుస్సీతో కలిసి దండెత్తినవాడు విజయనగర ప్రభువు విజయరామరాజు. ఆ తరువాతి కాలంలో ఇదే విజయనగరం వైణికులకు నిలయమైంది. శత్రుత్వంతో కత్తులు దూసుకున్న రెండు సంస్థానాలలో ఒకటి వాద్యానికి, రెండవది వాదనానికి పేరుపడటం గమనార్హం. వీణ చేసే ఊరికి వీణ వాయించే ఊరు సమీపంలో ఉండటం ఈ వృత్తి నిలవడానికి దోహదం చేసిన అంశాలలో ఒకటి.

ఊరిపేర్లు ఇంటిపేర్లు కావడం తెలుగునాట సాధారణం. ఉత్తరాంధ్రలోనే, యలమంచిలి ప్రాంతంలో సర్వసిద్ధి అనే ప్రాచీన గ్రామం ఉంది. తూర్పు చాళుక్య రాజైన మొదటి జయసింహునికి ‘సర్వసిద్ధి’ అనే బిరుదు ఉండేది. వీణకారుల ఇంటిపేరుకు, ఈ ఊరిపేరుకు గల సామ్యం ఒక వలసను సూచించవచ్చు. ఇంటిపేర్ల అధ్యయనం చేసేవారు పరిశీలించదగిన అంశమిది.

3. మాను నుండి వీణ వరకు

బొబ్బిలి వీణ ప్రధాన లక్షణం ఏకాండి నిర్మాణం. వీణలో కుండ, దండి, యాళి ముఖం అని మూడు ముఖ్యభాగాలున్నాయి. వీటిని వేర్వేరుగా చేసి అతికితే అది అతుకుల వీణ. ఒకే మానులో మూడింటినీ తొలిస్తే అది ఏకాండి వీణ. నాదం కుండలో పుట్టి దండి పొడవునా సాగేటప్పుడు మధ్యలో అతుకు అడ్డు ఉండదు కనుక ఏకాండి వీణకు విద్వాంసులు ప్రత్యేకమైన విలువ ఇస్తారు.

ఇందుకు వాడేది పనస మాను. పనస కర్ర చేవకు గట్టిది, బరువుకు తేలిక, ఉలికి లొంగుతుంది. ఎండిన తరువాత పెద్దగా వంకరపోదు. అయితే సుమారు నాలుగు అడుగుల పొడవు గల వీణకు, కుండ వెడల్పుకు సరిపోయే లావుతో, ముడులూ పగుళ్లూ లేని ముదురు మాను కావాలి. రైతు దృష్టిలో పనస కాయనిచ్చే చెట్టు. ఫలసాయం తగ్గినప్పుడో, ఇంట్లో అవసరం పడినప్పుడో అమ్ముతాడు. అందుచేత వీణకారునికి ముడిసరుకు కోరినప్పుడు దొరకదు. దొరికినప్పుడు కొని దాచుకోవాలి. పెట్టుబడి నెలల తరబడి కర్ర రూపంలో నిలిచిపోతుంది. కుటుంబ వృత్తిగా ఉన్నచోట ఈ నిరీక్షణ భారాన్ని ఉమ్మడి శ్రమ, ఉమ్మడి నిల్వ మోస్తాయి.

పని బాడిసతో మొదలవుతుంది. మాను పైభాగాన్ని చెక్కి వీణ ఆకారాన్ని స్థూలంగా తెస్తారు. తరువాత ఉలితో కుండను, దండిని లోపల తొలుస్తారు. ఈ తొలిచే పనిలోనే వీణ స్వభావం నిర్ణయమవుతుంది. గోడ మందంగా ఉంటే నాదం మూగబోతుంది. మరీ పలుచనైతే వీణ తీగల బిగువుకు ఓర్వలేదు. ఎక్కడ ఆపాలో కొలబద్ద చెప్పదు. వేలితో తట్టి, వినిపించిన ధ్వనిని బట్టి పనివాడు నిర్ణయిస్తాడు. తొలిచిన కుండపై పలక బిగిస్తారు. దండి చివర యాళి ముఖం చెక్కుతారు. దండి కింద సొరకాయ బుర్ర అమరుస్తారు. పూర్వం అలంకరణకు దంతం వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల తరువాత దంతపు స్థానాన్ని ప్లాస్టిక్ ఆక్రమించింది. వాద్యం బయటి రూపం కూడా కాలంతో పాటు చట్టాన్ని అనుసరించి మారిందనడానికి ఇది ఉదాహరణ.

ఇంతవరకు చేసిన పని దారుశిల్పం. చూడటానికి వీణ సిద్ధమైనట్లే కనిపిస్తుంది. కానీ ఇప్పటికి అది పలకదు.

4. మేళం: చెవి చేసే పని

వీణ దండిపై ఇరుపక్కలా మైనపు గట్లు తీర్చి, వాటిపై 24 మెట్లను నిలుపుతారు. దీనినే మేళం కట్టడం అంటారు. ఈ మాటకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1550లో రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’ శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని వీణా భేదాలను చెప్పి, ఒక్కొక్కదానిలో ఏకరాగమేళం, సర్వరాగమేళం అనే తేడాను వివరించింది. ఏకరాగమేళంలో రాగం మారితే మెట్ల అమరిక మారాలి. సర్వరాగమేళంలో ఒకే అమరికపై అన్ని రాగాలూ పలుకుతాయి. 24 స్థిరమైన మెట్ల నేటి వీణను తంజావూరు రఘునాథ నాయకుని కాలంతో ముడిపెట్టి చెప్పడం సంప్రదాయం. ‘వాల్మీకి చరిత్ర’ రచించిన ఆ కవిరాజు పేరుతోనే రఘునాథమేళమనే వ్యవహారం ఏర్పడింది. అంటే మేళం అనే మాట మొదట మెట్ల అమరిక, ఆపైన ఆ అమరిక పలికించే స్వరసముదాయం. మేళకర్త అన్న శాస్త్రపదం వెనుక వీణకారుని చేతిపని ఉంది.

మేళం కట్టడంలోని కష్టాన్ని అర్థం చేసుకోవడానికి తీగల అమరిక తెలియాలి. వీణకు ఏడు తీగలు. మెట్లపై సాగేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన ఉండే మూడు తాళతంత్రులు: పక్కసారణి, పక్కపంచమం, హెచ్చుసారణి. సారణిని మీటితే మధ్యస్థాయి షడ్జం పలుకుతుంది. అదే తీగపై 5వ మెట్టు శుద్ధమధ్యమం, 7వ మెట్టు పంచమం, 12వ మెట్టు తారషడ్జం, 24వ మెట్టు అతితారషడ్జం.

లెక్క ప్రకారం వీటి స్థానాలు సులభమే. మేరువు నుండి గుర్రం వరకు ఉన్న తీగ పొడవులో సగం వద్ద 12వ మెట్టు, మేరువు నుండి మూడవ వంతు వద్ద 7వ మెట్టు, నాలుగవ వంతు వద్ద 5వ మెట్టు, నాలుగింట మూడు వంతుల వద్ద 24వ మెట్టు రావాలి. అయితే ఆచరణలో ఈ లెక్క చాలదు. మెట్టుపై తీగను అదిమినప్పుడు దాని బిగువు పెరిగి శ్రుతి కొంత హెచ్చుతుంది. ఎంత హెచ్చుతుందన్నది మెట్టు ఎత్తును, తీగ లావును, అదిమే బలాన్ని బట్టి ఉంటుంది. పైగా ఒక్క మెట్టు నాలుగు తీగలకూ ఉమ్మడి. పంచమం తీగపై 5వ మెట్టు పలికే షడ్జం, సారణిని ఊరికే మీటినప్పుడు పలికే షడ్జంతో ఏకం కావాలి. సారణికి సరిపోయిన మెట్టు మంద్రానికి వెంట్రుకవాసి తేడాగా ఉంటే మెట్టును ఒక కొస వైపు జరపాలి, లేదా మైనంలోకి కొద్దిగా అదమాలి. ఒక మెట్టును సరిచేస్తే పక్క మెట్టు ఎత్తు మారినట్లవుతుంది. ఇలా 24 మెట్లను నాలుగు తీగలతో పోల్చుకుంటూ పోవాలి. చేయి మెట్టును కదుపుతుంది కానీ ఎక్కడ ఆపాలో చెప్పేది చెవి.

ఇక్కడే ఈ వృత్తికి గల మరో లక్షణం బయటపడుతుంది. మేళం శాశ్వతం కాదు. వేసవి వేడికి మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. ఏళ్ల తరబడి గమకాలు పలికించగా తీగ రాపిడికి మెట్లపై గాట్లు పడతాయి. అప్పుడు వీణకు తిరిగి మేళం కట్టించాలి. అంటే అమ్ముడుపోయిన వీణ మళ్లీ వీణకారుని వద్దకు వస్తుంది, లేదా వీణకారుడే దాని వద్దకు వెళతాడు. వైణికుడు తన వీణలోని లోపాన్ని చెబుతాడు, వీణకారుడు వింటాడు. తరువాతి వీణను చెక్కేటప్పుడు ఆ మాట గుర్తుంటుంది. తయారీదారుకు, వాద్యవిద్వాంసునికి మధ్య సాగే ఈ సంభాషణే కుటుంబ వృత్తిలోని అసలైన చదువు.

5. మారిన కొనుగోలుదారులు

5.1 సంస్థాన దశ

సంస్థానాల కాలంలో వీణ సరుకు కాదు. అది కొలువులోని విద్వాంసునికి అవసరమైన పరికరం, ప్రభువు వైభవానికి గుర్తు. కొనేవారు తక్కువ, అయినా తెలిసిన కొనుగోలుదారులు. విజయనగరం, పిఠాపురం వంటి సంస్థానాలు వైణికులను పోషించాయి. విజయనగర సంస్థానంలో వీణ వేంకటరమణదాసు, పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి ప్రసిద్ధులు. ఈ వ్యవస్థలో వీణకారునికి ధర నిర్ణయించే స్వేచ్ఛ లేకపోవచ్చు కానీ తన పనిని వినే విద్వాంసుడు ఉన్నాడు.

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఈ దశ ముగిసింది. జమీందారీల రద్దును భూసంబంధాల కోణం నుండి ఎందరో అధ్యయనం చేశారు. రైతుకు అది విముక్తి. అదే చట్టం సంస్థానాలను ఆశ్రయించిన కవిపండితులకు, వాద్యకారులకు ఆశ్రయం లేకుండా చేసింది. ఈ రెండు సత్యాలనూ కలిపి చెప్పినప్పుడే సామాజిక చరిత్ర పూర్తవుతుంది.

5.2 కళాశాల, రేడియో, మధ్యతరగతి దశ

ఆశ్రయం పోయినా వృత్తి పోలేదు. అందుకు కారణం అప్పటికే మరో కొనుగోలుదారు సిద్ధంగా ఉండటం. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. సంగీతం గురుగృహం నుండి తరగతి గదికి రావడంతో విద్యార్థికి వీణ అవసరమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. రేడియోలో వీణ వాదనం తెలుగు ఇళ్లలో వినిపించింది. ఆడపిల్లకు వీణ నేర్పించడం మధ్యతరగతి కుటుంబాలలో గౌరవచిహ్నమైంది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల ప్రతిభ వీణకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చింది.

ఈ దశలో కొనుగోలుదారుల సంఖ్య పెరిగింది. నేర్చుకునే విద్యార్థికి, కచేరీ చేసే విద్వాంసునికి వేర్వేరు స్థాయిల వీణలు కావలసివచ్చాయి. అయినా ఒక్క సంగతి మారలేదు. కొన్నవారు వీణను వాయించడానికే కొన్నారు. కనుక మేళం కోసం వీణ తిరిగి వస్తూనే ఉంది.

5.3 జ్ఞాపిక దశ

20వ శతాబ్ది చివరి దశకాలలో పరిస్థితి మారింది. వీణ నేర్చుకునేవారు తగ్గారు. పిల్లల సంగీతాభ్యాసంలో కీబోర్డు ప్రవేశించింది. పెద్ద వీణను అపార్ట్‌మెంటులో పెట్టుకోవడం, బస్సులోనూ విమానంలోనూ తీసుకువెళ్లడం కష్టమైంది. సొరకాయ బుర్రలకు బదులు ఫైబరు బుర్రలు, విడదీసి మడుచుకునే వీణలు, ఎలక్ట్రానిక్ వీణలు వచ్చాయి.

ఈ సమయంలో గొల్లపల్లి వీణకారులను ఆదుకున్నది చిన్న వీణ. సభలలో అతిథులకు బహూకరించడానికి, ఇంటి అలమరలో అలంకరణకు చిన్నపాటి పనస వీణలు చేయడం మొదలైంది. ప్రభుత్వ హస్తకళా విక్రయశాలలు వీటికి మార్కెట్ కల్పించాయి. 2023లో విశాఖపట్నంలో జరిగిన జి-20 సమావేశ ప్రతినిధులకు బొబ్బిలి వీణ నమూనాలను బహూకరించడం ఈ ఆదరణకు తార్కాణం.

చిన్న వీణ వల్ల కలిగిన మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. పెద్ద వీణకు పనికిరాని కర్రముక్కలు దీనికి చాలు. నెలల నిరీక్షణ లేదు. పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుంది. యువతరం వృత్తిని విడిచి నగరానికి పోకుండా కొంతైనా ఆపగలిగేది ఈ ఆదాయమే. ఇది లేకుంటే గొల్లపల్లిలో పెద్ద వీణ చేసేవారు మరింత తగ్గేవారని ఊహించవచ్చు.

అయితే ఒక భేదాన్ని విస్మరించలేము. చిన్న వీణకు కుండ, దండి, యాళి ముఖం ఉన్నాయి. మెట్లు, తీగలు కూడా ఉన్నాయి. దానికి మేళం లేదు. మెట్టు ఎక్కడ నిలిపినా అడిగేవారు లేరు. దానిని ఎవరూ శ్రుతి చేయరు. కనుక అది మరమ్మతుకు తిరిగి రాదు. సంస్థాన విద్వాంసుని వీణ, కళాశాల విద్యార్థి వీణ తిరిగివచ్చే వస్తువులు. జ్ఞాపిక వీణ తిరిగిరాని వస్తువు. దాని వెంట రావలసిన విమర్శ కూడా రాదు. ఫలితంగా ఈ పనిలోనే పెరిగిన యువకునికి ఉలి పట్టడం వస్తుంది. చెవితో మెట్టు నిలపడం అభ్యాసంలోకి రాదు. కుటుంబం నిలుస్తుంది, చేయి నిలుస్తుంది, చెవి మాత్రం తరం తరానికీ మొద్దుబారే ప్రమాదం ఉంది.

6. భౌగోళిక గుర్తింపు: ఏది కాపాడుతుంది?

బొబ్బిలి వీణ భౌగోళిక గుర్తింపు పొందింది. ఈ గుర్తింపుకు మూలమైన చట్టం 1999లో రూపొంది, 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. నమోదు పదేళ్లు చెల్లుతుంది; గడువు తీరినప్పుడు పునరుద్ధరించుకోవాలి. ఒక ప్రాంతంతో ముడిపడిన ఉత్పత్తి పేరును ఇతరులు వాడకుండా అడ్డుకోవడం దీని ముఖ్యోద్దేశం. ఈ హక్కు ఒక వ్యక్తిది కాదు. ఆ ప్రాంతపు ఉత్పత్తిదారుల సముదాయానిది. దానిని ఎవరికీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలులేదు.

ఈ చట్టస్వభావం కుటుంబ వృత్తికి కొత్త అర్థాన్నిచ్చింది. ఇంతకుముందు వీణ నాణ్యతకు హామీ ఇంటిపేరు. ఇప్పుడు ఊరిపేరు హామీ అయింది. ఒక ఇంటి ఖ్యాతి చట్టం దృష్టిలో ఒక ప్రాంతపు ఆస్తిగా మారింది. దీనివల్ల బొబ్బిలి పేరుతో వేరెక్కడో చేసిన వీణను అమ్మడం తప్పవుతుంది. ఇది అవసరమైన రక్షణే.

కానీ భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది తప్ప విద్యను నేర్పదు. మేళం సరిగా కట్టని వీణను గొల్లపల్లిలోనే చేస్తే ఆ లోపాన్ని పసిగట్టవలసింది వైణికుని చెవి. ఆ చెవి దూరమైనప్పుడు ధ్రువపత్రం దాని స్థానాన్ని పూరించలేదు.

7. ఇతర వాద్యకార కుటుంబాలతో పోలిక

ఈ సమస్య బొబ్బిలికే పరిమితమా అన్నది తెలుసుకోవడానికి మరో రెండు వాద్యకార సంప్రదాయాలను స్థూలంగా చూడవచ్చు.

మహారాష్ట్రలోని మిరజ్ సితార్లకు, తంబురాలకు ప్రసిద్ధి. అక్కడి వాద్యకారుల పూర్వులు కత్తులకు పదునుపెట్టే శికల్గార్లు. 19వ శతాబ్ది మధ్యకాలంలో ఆయుధాలకు గిరాకీ తగ్గినప్పుడు, మిరజ్ ప్రభువుల ఆదరణతో వారు తంత్రీవాద్యాల తయారీకి మారారు. కిరానా ఘరానా విద్వాంసుడు అబ్దుల్ కరీం ఖాన్ మిరజ్‌లోనే స్థిరపడ్డాడు. 1937లో ఆయన మరణానంతరం అక్కడి మీరాసాహెబ్ దర్గాలో ఏటా సంగీతోత్సవం జరుగుతున్నది. 2024లో మిరజ్ సితార్, తంబురాలకు కూడా భౌగోళిక గుర్తింపు లభించింది. బొబ్బిలితో పోల్చినప్పుడు కనిపించే తేడా ఒకటే. మిరజ్‌లో వాద్యకారుల వీధికి గాయకులు, వాదకులు వస్తూనే ఉన్నారు. తంబురాకు జవారీ తీర్చడం కూడా మేళం కట్టడం వంటి చెవిపనే. ఆ పనికి గిరాకీ ఉన్నంతకాలం ఆ విద్య నిలుస్తుంది.

రెండవది ఆర్మీనియన్ మూలాలు గల జిల్‌జియాన్ కుటుంబం. 17వ శతాబ్ది తొలిపాదంలో కాన్‌స్టాంటినోపుల్‌లో తాళాల తయారీని ప్రారంభించిన ఈ కుటుంబం 1929లో అమెరికాలో సంస్థను నెలకొల్పింది. లోహమిశ్రమపు రహస్యాన్ని తరతరాలుగా వారసునికి మాత్రమే చెప్పేవారు. క్రమంగా ఆ రహస్యం కూతుళ్లకూ అందింది. 1999లో ఆ కుటుంబపు ఆడపడుచు సంస్థకు అధినేత అయింది. అంతకుముందే, 1981లో, అన్నదమ్ముల మధ్య విభేదాల కారణంగా కుటుంబంలో ఒక శాఖ విడిపోయి కెనడాలో వేరే సంస్థను స్థాపించింది. ఇక్కడ విద్యలో ముఖ్యభాగం ఒక సూత్రం. దానిని చెప్పవచ్చు, దాచవచ్చు, పంచుకోవచ్చు.

మేళవిద్య అటువంటిది కాదు. అందులో దాచవలసిన రహస్యం లేదు. ఐదవ మెట్టు ఎక్కడ ఉండాలో ఈ వ్యాసంలోనే చెప్పుకున్నాం. అయినా ఈ వ్యాసం చదివినవారు మేళం కట్టలేరు. రహస్యం లేని విద్యను నిలిపేది వారసత్వం ఒక్కటే కాదు, నిరంతర వినియోగం కూడా. ఈ దృష్టితో చూస్తే బొబ్బిలి వీణకు ఎదురవుతున్న ప్రమాదం వారసులు లేకపోవడం మాత్రమే కాదు, వినేవారు లేకపోవడం.

8. ముగింపు

• బొబ్బిలి వీణ తయారీ సంస్థానం, కళాశాల–రేడియో, జ్ఞాపిక అనే మూడు దశలను దాటింది. ప్రతి దశలోనూ కొనుగోలుదారు మారినా కుటుంబ వృత్తి కొనసాగింది.

• వీణ తయారీలో దారుశిల్పం, మేళం కట్టడం అనే రెండు విద్యలున్నాయి. మొదటి రెండు దశలలో ఇవి కలిసి సాగాయి. మూడవ దశలో దారుశిల్పానికి గిరాకీ పెరిగి, మేళవిద్యకు తగ్గింది.

• జ్ఞాపిక వీణ కుటుంబానికి ఆదాయాన్నిస్తుంది. విద్వాంసుని విమర్శను తీసుకురాదు. అందుచేత అది పెద్ద వీణకు అండ కాగలదు కానీ ప్రత్యామ్నాయం కాలేదు.

• భౌగోళిక గుర్తింపు పేరుకు రక్షణ. విద్యకు రక్షణ కావాలంటే పాత వీణలకు మేళం కట్టించే పనికి గిరాకీ పెంచాలి. సంగీత కళాశాలల్లో, దేవాలయాల్లో, ఇళ్లల్లో మూలన పడి ఉన్న వీణలను గొల్లపల్లి వీణకారులతో బాగుచేయించే ఏర్పాటు జరిగితే యువతరానికి అభ్యాసం, ఆదాయం రెండూ లభిస్తాయి. వీణ విద్యార్థులు కొంతకాలం పనిశాలలో, వీణకారుల పిల్లలు కొంతకాలం సంగీత తరగతిలో గడిపే పద్ధతి కూడా మేలు చేస్తుంది.

• తెలుగు శాఖల పరిశోధనకు ఇక్కడ ఒక తక్షణ కర్తవ్యం ఉంది. కుండ, దండి, మేరువు, నాగపాశం, బిరడ, సారణి వంటి వీణాంగాల పేర్లు శాస్త్రగ్రంథాలలో ఉన్నాయి. కర్ర ఎంపికకు, తొలిచేటప్పుడు వినిపించే ధ్వనిభేదాలకు, మైనం పాకానికి, మెట్టులోని దోషాలకు పనివారు వాడే మాటలు వారి నోటనే ఉన్నాయి. వృత్తిపదకోశాల నిర్మాణంలో తెలుగుకు మంచి సంప్రదాయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయంతో ఆ దారి వేసింది. వీణకారుల పదజాలాన్ని ధ్వనిముద్రణతో సహా సేకరించడం ఆ దారికి కొనసాగింపు అవుతుంది.

పెద్ద వీణలపై మేళం కట్టడం తెలిసిన పెద్దలు ఉండగానే ఈ సేకరణ జరగాలి. వారు మెట్టును జరుపుతూ అనే మాటను, ఆ మాటతో పాటు పలికే స్వరాన్ని కలిపి భద్రపరచగలిగితేనే బొబ్బిలి వీణ చరిత్రలో వీణకారునికి చోటు దక్కుతుంది.